గని వస్తేనే రోడ్డు వస్తదంటున్నరు, గ్రామసభ వద్దంటే ఆగుతదా సార్?

ప్రశ్న: సార్, మాది ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి మండలం దిక్కు ఒక గూడెం, గోండులం. నేను ఉప్పల్‌ల ఉంట, ప్రైవేట్ జాబ్. నాయిన లేడు, అమ్మ, బాబాయి ఊళ్లనే ఉన్నరు. నాయిన పేరు మీద 4 ఎకరాల ఆర్వోఎఫ్ఆర్ (అటవీ హక్కుల) పట్టా ఉంది, ఇంకో 2 ఎకరాల పోడుకు పట్టా రాలే. పోయిన నెల బోర్ మిషన్లు వచ్చినయి, కింద బొగ్గు ఉందంటున్నరు. అప్పటిసంది మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌ల రోజూ లొల్లే. పెద్దనాయిన కొడుకు, మా అన్న, గని వస్తేనే రోడ్డు వస్తది, వానాకాలంల గర్భిణిని మంచం మీద మోసుకపోయే తిప్పలు తప్పుతది, హైదరాబాద్‌ల కూసోని వద్దనుడు ఈజీ అంటడు. ఇంకోళ్లు ఏజెన్సీ గ్రామసభలకు అధికారం ఇచ్చే పెసా చట్టం ఉంది, తట్టెడు మట్టి కూడ తియ్యలేరు అంటరు. మధ్యల ఒకాయన బాబాయికి 50 వేలు అడ్వాన్స్ ఇచ్చి స్టాంప్ పేపర్ మీద సంతకం తీస్కున్నడు, ఫొటో పంపుతున్న. ఎవరు కరెక్టు? నేను గ్రామసభకు పోయి వద్దని చెయ్యి ఎత్తొచ్చా?

జవాబు: మీ గ్రూప్‌ల ఇద్దరూ సగం సగం తప్పే. మీ అన్న చెప్పేది చట్టం ప్రకారం ఎక్కువ తప్పు, కానీ మంచం మీద మోసుకపోయే మాట మాత్రం నిజం కాబట్టి ఆయన్ని తిట్టకుండ మాట్లాడండి.

ముందు ఈ రాజకీయం సంగతి ఒక్క ముక్క చెప్త. బొగ్గు కేంద్రం చేతిల ఉన్న ఖనిజం, 2024 జూన్ 21 నాడు ఇక్కడ హైదరాబాద్‌లనే బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టిన్రు, అండ్ల మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాక్ కూడ ఉండె, సింగరేణిల రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కదా, అదేదో వేలం లేకుండ సింగరేణికే ఇయ్యాలె అని రాష్ట్ర ప్రభుత్వం, వేలంలకు పోనిచ్చిందే మీరు అని ప్రతిపక్షం, టీవీల్ల అందరూ మస్తుగ కొట్లాడిన్రు. ఆ కొట్లాట అంతా తవ్వేది ఎవరు అన్నదాని మీదనే, పైన ఉన్న గూడేన్ని అడిగిన్రా లేదా అన్నది ఎవ్వరి నోట్ల నుంచి పెద్దగ రాలే.

అయినా తవ్వేది ఎవరు అన్నది మీకు కూడ కావాలె, ఎందుకంటే దాన్నిబట్టే మీకు ఏ చట్టం తగులుతదో తేలుతది. ప్రభుత్వ కంపెనీ అయితే మామూలుగ 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం కింద పోతరు, దాంట్ల ముందు బొగ్గు ఉందా లేదా చూస్తమని ఒక నోటిఫికేషన్, తర్వాత తీస్కుంటమని ఇంకో నోటిఫికేషన్, ఆ రెండోది వచ్చినంక 30 రోజుల్ల అభ్యంతరం రాసి ఇయ్యాలె, అంతే, గ్రామసభ ఒప్పుకుంటేనే అనే మాట ఆ చట్టంల లేదు. ప్రైవేట్ వాళ్ల కోసం 2013 భూసేకరణ చట్టం కింద పోతే మాత్రం ఏజెన్సీల గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి. ఇంకా ప్రైవేట్ అంటే సమత అనే సంస్థ వేసిన కేసుల 1997ల వచ్చిన తీర్పు కూడ ఉంది, విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా గుహల దిక్కు గనుల లీజుల మీద వచ్చిన కేసు అది, ఏజెన్సీల ప్రభుత్వం కూడ తన భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇయ్యరాదు అని సుప్రీంకోర్టు చెప్పింది, ముగ్గురు జడ్జీల్ల ఇద్దరి మాట అది, ప్రభుత్వ ఖనిజ సంస్థకో గిరిజన సొసైటీకో అయితే ఇయ్యొచ్చు అన్నరు.

ఇగ పెసా. 1996 చట్టం, మంచిదే, కానీ తట్టెడు మట్టి ముచ్చట కంకర, ఇసుక లాంటి చిన్న ఖనిజాలకే సరిపోతది, వాటికి గ్రామసభ సిఫారసు లేంది లీజు ఇయ్యరాదు. బొగ్గు పెద్ద ఖనిజం. భూసేకరణకు పెసా చెప్పేది గ్రామసభతోని సంప్రదించుమని, సంప్రదించుడు వేరు, ఒప్పుకునుడు వేరు. ఈ తేడా తెల్వక ఊళ్లల్ల చానమంది పెసా ఉంది కదా అని నిమ్మళంగ కూసుంటరు, నాకు బాధనిపించేది గక్కడనే.

మీ అసలు బలం పెసాల లేదు, మీ నాయిన పట్టాల ఉంది. అటవీ హక్కుల చట్టం 2006. మీ గూడెం చుట్టూ ఉన్నది అడవి భూమి అయితే, హక్కుల లెక్క మొత్తం తేలేదాక ఎవర్నీ ఖాళీ చేయించరాదు అని ఆ చట్టంలనే రాసి ఉంది, అడవి భూమిని వేరే పనికి మళ్లియ్యాలంటే గ్రామసభ సమ్మతి కావాలని 2009 ఆగస్టుల కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. ఒడిశా నియమగిరిల బాక్సైట్ గని ఆగింది దీనిమీదనే, 2013 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగండి అన్నది, 12 గ్రామసభలు పెడితే 12 వద్దన్నయి, తర్వాతి జనవరిల కేంద్రం పర్మిషన్ నిరాకరించింది. అయితే 2022 అటవీ సంరక్షణ రూల్స్ వచ్చినంక కేంద్రం ముందుగాలనే క్లియరెన్స్ ఇచ్చేసి, హక్కుల లెక్క చూసే బాధ్యతను రాష్ట్రం మీదికి నెట్టింది, అంటే గ్రామసభ దాక వచ్చేసరికి ఫైల్ ముప్పావు వంతు అయిపోయి ఉంటది. అప్పుడు వద్దనుడు కష్టం అని కాదు, అప్పటికి మీ మీద ఒత్తిడి ఎట్ల ఉంటదో ఊహించుకోండి.

ఇప్పుడు గ్రామసభ తీర్మానాలు రాసే రిజిస్టర్ సంగతి, ఇది అన్నిటికంటే ముఖ్యం. కొన్నేండ్ల కింద ఒక ఏజెన్సీ ఊరి కేసుల గ్రామసభ తీర్మానం సర్టిఫైడ్ కాపీ నా చేతికొచ్చింది, ఊరోళ్లేమో మేం ఒప్పుకోలే అంటున్నరు, కాగితం మీద అందరి వేలిముద్రలు ఉన్నయి. తర్వాత అసలు పుస్తకం తెప్పించి చూస్తే నీళ్ల ట్యాంకు కోసం పెట్టిన మీటింగ్ అది, మూడు అంశాలు నల్ల ఇంకుతోని తీరుగ రాసి ఉన్నయి, వేలిముద్రలు మొదలయ్యే కాడ రెండు వేళ్ల జాగ మిగిలితే అండ్ల నీలం ఇంకుతోని చిన్నచిన్న అక్షరాల్ల అడవి భూమి ఇచ్చుటకు గ్రామస్థులకు అభ్యంతరం లేదు అని ఇరికించి రాసిన్రు, ఆఖరి పదానికి జాగ చాలక ఒక ముసలమ్మ వేలిముద్ర మీదికెల్లి పోయింది. ఆ ముద్ర మీదికెల్లి పోయిన గీతే మా కేసును నిలబెట్టింది, ఎందుకంటే ముద్ర ముందు పడ్డది, రాత తర్వాత పడ్డదని అక్కడ కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడుతుంటే ఎవరు కాదంటరు. అందుకే చెప్తున్న, మీ అమ్మకు చెప్పండి, ఏ మీటింగ్ అయినా సరే పేజీల ఖాళీ జాగ ఉంటే గీత కొట్టించేదాక వేలు పెట్టద్దు, పెట్టినంక ఆ పేజీని ఎవరో ఒక పోరడు ఫోన్‌ల ఫొటో తియ్యాలె. అటవీ హక్కుల గ్రామసభ అయితే ఊరి పెద్దోళ్లల్ల సగంమంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లు ఉండాలె, కోరం లేకుంటే ఆ తీర్మానం చెల్లదని కొట్లాడొచ్చు, కాబట్టి ఎంతమంది వచ్చిన్రో వీడియోల కనవడాలె. తీర్మానం కాపీ అదే వారంల కలెక్టర్‌కు, ఉట్నూర్ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవోకు, డీఎఫ్‌వోకు (అటవీ అధికారికి) రిజిస్టర్డ్ పోస్ట్‌ల పంపాలె, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు దాచి పెట్టాలె.

మీ ఓటు ఉప్పల్‌కు మారిందా? మారితే పెసా గ్రామసభల మీరు సభ్యులు కారు, ఎందుకంటే ఆ పంచాయతీ ఓటర్ లిస్టుల పేరు ఉన్నోళ్లే సభ్యులు. అటవీ హక్కుల గ్రామసభల ఊళ్లె ఉండే పెద్దోళ్లందరూ సభ్యులు, మీరు ఊళ్లె ఉంటలేరు. చెయ్యి ఎత్తాల్సింది మీ అమ్మ. అట్లని ఊళ్లె ఉండకుండ ఓటు మాత్రం అక్కడ పెట్టుకోమని నేను చెప్ప, అది ఇంకో కేసు అయితది. పర్యావరణ పబ్లిక్ హియరింగ్ నోటీస్ వచ్చినప్పుడు మాత్రం మీరు ఉప్పల్‌ల నుంచే రాతపూర్వకంగ అభ్యంతరం పంపొచ్చు, దానికి 30 రోజుల టైం ఇస్తరు.

మీ అన్నకు చెప్పాల్సింది ఇది. రోడ్డుకు గనితోని సంబంధం లేదు. అదే అటవీ హక్కుల చట్టంల రోడ్డు, స్కూల్, దవాఖాన, అంగన్‌వాడి, మంచినీళ్లు, కరెంట్ లైన్ అని 13 రకాల పనులకు ఒక్కో దానికి హెక్టారు లోపల అడవి భూమి ఇయ్యొచ్చు, హెక్టారుకు 75 చెట్లు దాటి కొట్టద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె అని ఉంది, డీఎఫ్‌వో స్థాయిల అయ్యే పని. టైగర్ రిజర్వ్ లోపల అయితే ఇంకో తిప్పలు ఉంటది, అది వేరే. ఇంకా మీ జిల్లాల ఓపెన్‌కాస్టులు ఇప్పటికే ఉన్నయి కదా, పాత లీజుల మీద రాయల్టీల 30 శాతం జిల్లా మినరల్ ఫండ్‌కు కట్టాలె, గని ప్రభావం పడ్డ ఊళ్ల కోసమే ఆ పైసలు, మీ మండలానికి ఎంత ఖర్చు పెట్టిన్రో ఆర్టీఐ వెయ్యమనండి. గని వస్తే రోడ్డు ఇస్తం అనేటోళ్లు, ఉన్న గనుల పైసలతోని ఇన్నేండ్లు ఎందుకు ఇయ్యలేదో ముందు చెప్పాలె గదా.

పట్టా లేని 2 ఎకరాల మీద ఊకె ఉండకండి. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి దున్నుతున్నట్టు చూపెట్టాలె, క్లెయిమ్ పెట్టి రిజెక్ట్ అయితే ఆ కాగితం చేతికొచ్చిన నాటి నుంచి 60 రోజుల్ల అప్పీల్. 2023 జూన్‌ల ఆసిఫాబాద్‌ల పోడు పట్టాలు పంచినప్పుడు మీది ఎందుకు పక్కన పడ్డదో ఐటీడీఏల అడగండి. ఇది ఎందుకు అర్జెంట్ అంటే, పట్టా ఉన్నోళ్లను 2013 చట్టం భూమి యజమానిగనే లెక్క కడుతది, 1957 చట్టం కింద తీస్కున్నా పరిహారం 2013 లెక్క ప్రకారమే ఇయ్యాలని 2015 ఆగస్టుల కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పట్టా లేకుంటే పరిహారం కోసం మీరు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తది. నాయిన పట్టా వారసత్వంగ వస్తది, అసలు పెండ్లయినోళ్లకు భార్యాభర్తల ఇద్దరి పేరు మీదనే ఇయ్యాలె, అమ్మ పేరు ఉందో లేదో చూడండి.

బాబాయి తీస్కున్న 50 వేల ముచ్చట. ఆర్వోఎఫ్ఆర్ భూమి అమ్మనీకి రాదు, ఎవ్వరికీ రాదు. పైగా అడ్వాన్స్ ఇచ్చినాయన గిరిజనేతరుడైతే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ ఆపే 1/70 చట్టం అడ్డం ఉంది, ఆ స్టాంప్ పేపర్‌తోని ఆయనకు భూమి మీద ఏ హక్కూ రాదు. పైసలు చేతికి ఇయ్యకుండ బ్యాంక్ అకౌంట్‌లనే వాపస్ వెయ్యమనండి, పట్టా ఒరిజినల్ ఆయన కాడ ఉంటే పోలీస్ స్టేషన్‌ల రాతపూర్వకంగ ఇయ్యండి. వకీలు ఫీజు గురించి భయపడకండి, ఎస్టీలకు ఆమ్‌దానీ ఎంతున్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఫ్రీ వకీలు దొరుకుతడు, హైకోర్టు రిట్‌కు కూడ.

మీరు పంపిన స్టాంప్ పేపర్ ఫొటో ముందు దిక్కే ఉంది, వెనక నుంచి ఏదో రాత, ఇంకో వేలిముద్ర నీడలెక్క కనవడుతున్నది, అది బాబాయిదా అమ్మదా? ఆ వెనక పేజీ ఫొటో మంచి వెలుతురుల తీసి పంపండి, అది చూసినంకనే నోటీస్ ఎవరి పేరు మీద ఇయ్యాలో చెప్త.