టెక్ సందేహాలు: ఫొటోలో కదలిక ఎక్కడికి పోయింది?

ఆషాఢంలో బోనాలతో మొదలై వినాయక నిమజ్జనం ముగిసేదాకా ఒకే ఫిర్యాదు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది. ఈసారి వచ్చినవాటిలో మూడింటికి ఇక్కడే జవాబిస్తున్నాను.

లష్కర్ బోనాల్లో పోతరాజు గిర్రున తిరుగుతూ కొరడా ఝళిపిస్తుంటే ఫోనుతో తీశాను. ఫొటోలో మాత్రం విగ్రహంలా నిలబడిపోయాడు. ఎడిటింగ్ యాప్‌లో 'స్పీడ్' ఎఫెక్ట్ పెడితే మొహంతో సహా అంతా అలుక్కుపోయింది. ఏం చేయాలి? (సికింద్రాబాద్ పాఠకుడు)

కదలిక మీరు బటన్ నొక్కిన క్షణంలోనే పోయింది. ఎండలో ఫోను కెమెరా షట్టర్ సమయాన్ని, అంటే వెలుగును లోపలికి తీసుకునే కాలాన్ని, సెకనులో 2000వ వంతుకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు దించేస్తుంది. చాలా ఫోన్లలో లెన్సు రంధ్రం పరిమాణం మారదు కాబట్టి, వెలుగు ఎక్కువైనప్పుడు కెమెరాకు మిగిలే దారి అదొక్కటే. ఆపైన సాఫ్ట్‌వేర్ వెంటవెంటనే తీసిన ఫ్రేములను కలిపి ఒకే ఫొటోగా కుట్టేస్తుంది. ఆ కుట్టడంలో ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ పొసగని భాగాన్ని, అంటే కదిలిన భాగాన్నే, దోషంగా భావించి తీసేస్తుంది.

ఇది నాకు బొత్తిగా నచ్చని ధోరణి. పోతరాజు ఆటలో ఉన్నదంతా కదలికే. దాన్ని లోపమని తీర్మానించే అధికారం కెమెరాకు ఇచ్చి, షట్టర్ వేగం మార్చుకునే అవకాశాన్ని మెనూల అడుగున దాచడమో, ఆ మోడల్‌లో అసలు లేకుండా చేయడమో జరుగుతోంది. వేలకు వేలు పోసి కొన్నవారికి ఆ ఒక్క మీట పైకి కనబడేలా పెట్టడానికి ఏమిటి అడ్డం? ప్రతి అప్‌డేట్‌లోనూ కొత్త ఫిల్టర్లు వస్తాయి, ఇది మాత్రం రాదు.

ఇక మీ ఫొటో సంగతి. చూసేవారికి వేగం తెలియాలంటే ఫొటోలో ఏదో ఒకటి నిలకడగా ఉండాలి. అన్నీ చెదిరితే చెయ్యి వణికిందనుకుంటారు. కాబట్టి పోతరాజు మొహం, నేల మీద ఆనిన పాదం, వెనక నిలబడిన జనం స్పష్టంగా ఉంచండి. చెదరవలసినవి కొరడా, దాన్ని తిప్పే చెయ్యి, నడుముకు కట్టిన వేపమండల కొసలు.

యాప్‌లోని ఎఫెక్ట్ అన్నింటినీ ఒకే దిక్కుకు, ఒకే కొలతలో లాగుతుంది. కొరడా అలా కదలదు. అది భుజం చుట్టూ విల్లులా వంపు తిరుగుతుంది. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో లీనియర్ (సరళరేఖలో), సర్క్యులర్ (గుండ్రంగా), జూమ్ అని మూడు మోషన్ బ్లర్‌లు, అంటే కదిలినట్టు చెదరగొట్టే ఎఫెక్టులు, ఉన్నాయి. మీకు కావలసింది సర్క్యులర్. ఫొటో నకలును దాని పైన మరో పొరగా (లేయర్) పెట్టుకుని, ఆ పొరలో బ్లర్ కేంద్రాన్ని సరిగ్గా భుజం మీద పెట్టండి. కోణం ఒక్కటే అయినా కేంద్రానికి దూరం పెరిగేకొద్దీ చెదురు పొడవు పెరుగుతుంది. అందుకే మోచేయి కొద్దిగా, కొరడా కొస బాగా చెదురుతుంది. నిజంగా జరిగేదీ అదే.

కోణం ఎంత పెట్టాలన్నది ఊహకు వదిలేయకండి. షట్టర్ సెకనులో 30వ వంతు కాలం తెరిచి ఉందనుకుంటే, సెకనుకు ఒక చుట్టు తిరిగే చెయ్యి ఆలోగా 12 డిగ్రీలు జరుగుతుంది. 10, 12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి కంటికి నప్పేలా మార్చుకోండి. తర్వాత ఆ పొర మొత్తాన్ని మాస్క్‌తో దాచేసి, కొరడా ఉన్నచోట మాత్రమే మెత్తటి బ్రష్‌తో బయటికి తీయండి.

నెక్లెస్ రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఫొటోలో వెనకవైపు బ్లర్ చేస్తే ఆటో చుట్టూ పసుపు మరక ఏర్పడుతోంది. ఎందుకు? (ఖైరతాబాద్ పాఠకురాలు)

బ్లర్ చేసేటప్పుడు ఆటో ఇంకా ఆ పొరలోనే ఉంది. దాని రంగు చెట్ల మీదికీ హుస్సేన్‌సాగర్ నీళ్ల మీదికీ సాగింది. ముందు ఒక నకలు పొరలో ఆటోను క్లోన్ పరికరంతో చెరిపేసి, ఆ ఖాళీని చుట్టుపక్కల రంగులతో పూడ్చండి. పూడ్చినచోటు అందంగా రావలసిన పని లేదు, ఎలాగూ చెదిరిపోతుంది. దాన్ని బ్లర్ చేసి, కత్తిరించి ఉంచుకున్న ఆటోను పైన పెట్టండి. ఆటో నీడ ఆటోతోనే కదులుతుంది కాబట్టి దాన్ని కూడా కలిపి కత్తిరించాలి. చాలామంది దీన్నే మరిచిపోతారు, బండి గాల్లో తేలుతుంది.

చక్రాలను వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. వెనక రోడ్డు పరుగెడుతూ చక్రాలు ఆగి ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా తీసిన ఫొటోలో చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని వేరే పొరలోకి తీసి, గుండ్రంగా సాగదీసి, ఇరుసు కేంద్రంగా సర్క్యులర్ బ్లర్ ఇచ్చి, తిరిగి పాత ఆకారానికి నొక్కాలి. బ్లర్ చేసినచోట ఫొటోలోని సహజమైన గరుకు కూడా పోతుంది. చివర్లో కొద్దిగా నాయిస్ కలిపితే రెండు భాగాలూ అతుక్కుంటాయి.

ఇంత శ్రమ వద్దనుకుంటే, మళ్లీ వెళ్లినప్పుడు పొద్దు వాలాక, మీ ఫోను కెమెరాలో ఉంటే, ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) షట్టర్‌ను సెకనులో 30వ వంతుకు పెట్టి, ఆటోతో పాటు ఫోనునూ అదే వేగంతో తిప్పుతూ తీయండి. చాలా ఫొటోలు పాడవుతాయి. కుదిరిన ఒక్కటి ఎడిట్ చేసిన పదింటికన్నా బాగుంటుంది.

'ఒక్క క్లిక్‌తో ఫొటోకు చలనం' అంటూ వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలు (యాప్ స్టోరుతో పని లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైలు) వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా? (ఎల్బీ నగర్ పాఠకుడు)

ఇవ్వకండి. ముందు ఆ యాప్‌ను తీసేసి తర్వాత మిగతాది చదవండి.

యాక్సెసిబిలిటీ ఉన్నది చూపు లేనివారి కోసం, చేతులు సరిగా ఆడనివారి కోసం. ఆ అనుమతి పొందిన యాప్ తెర మీద కనిపించే అక్షరాలను చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. అంటే ఓటీపీ వచ్చినప్పుడు చూడగలదు, బ్యాంకు యాప్ తెరిచినప్పుడు అందులో వేలు పెట్టగలదు. ఫొటోను చెదరగొట్టే యాప్‌కు దీనితో ఏ పనీ లేదు. బయటి నుంచి వేసుకున్న యాప్‌లకు ఈ అనుమతి సులువుగా దొరకకుండా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డు పెట్టారు. అయినా ఇలాంటి యాప్‌లు 'సెట్టింగ్స్‌లో ఇక్కడ నొక్కండి' అని బొమ్మలు చూపించి ఆ తాళాన్ని మీ చేతే తీయిస్తాయి. గ్రూపులో పంపినవారు బంధువే కావచ్చు. వారికీ మరెవరో పంపారు.

ఇప్పటికే అనుమతి ఇచ్చినవారు వెంటనే ఇంటర్నెట్ ఆపి, ఆ అనుమతి తీసేసి, యాప్‌ను తొలగించాలి. తొలగించనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోను తెరుచుకునే మోడ్) ప్రయత్నించండి. ఈలోగా మరో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయడంలో క్షణం ఆలస్యం చేయవద్దు. ఆ తర్వాత ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే క్షేమం.

అధికారిక స్టోరులోని యాప్‌లన్నీ నిశ్చింత అనుకోవద్దు. ఒక్క ఫొటో కోసం మొత్తం గ్యాలరీ అడిగేవి అక్కడా ఉన్నాయి. మన గ్యాలరీల్లో ఆధార్, పాస్‌బుక్, పిల్లల ఫొటోలు ఉంటాయి. లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫొటోల్లో ఇల్లెక్కడో కూడా నమోదై ఉంటుంది. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 14 నుంచి ఎంచుకున్న ఫొటోలకు మాత్రమే అనుమతి ఇచ్చే వీలుంది. దాన్నే వాడండి. మరో చిన్న పరీక్ష ఉంది: ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఎఫెక్ట్ నడపండి. నడవకపోతే ఆ ఫొటో బయటి సర్వరుకు వెళ్తోందనే లెక్క. ఇంట్లోవాళ్ల మొహాలున్న ఫొటోలను అందులో పెట్టకండి.