‘కారును ఢీకొన్న సైకిలిస్టు’: ఎవరు ఎవరిని ఢీకొన్నట్టు?

సందేహం: వెనుక నుంచి వచ్చిన కారు తగిలి ఒక సైకిలిస్టు చనిపోయిన వార్తకు ‘కారును ఢీకొన్న సైకిలిస్టు మృతి’ అని శీర్షిక పెట్టారు. ఇలాంటిదే మరో వార్తకు ‘కారు ఢీకొని సైకిలిస్టు మృతి’ అని ఉంది. వీటిలో ఏది సరైనది? ‘ఢీకొను’, ‘ఢీకొట్టు’ ఒకటేనా?

సమాధానం: మొదటి శీర్షికలో వ్యాకరణానికి లోటు లేదు గాని, అది జరిగినదానికి పూర్తిగా విరుద్ధం. ‘ఢీకొన్న’ అనే విశేషణం తన ముందున్న నామం కర్తో, కర్మో తనంతట తాను చెప్పదు. ఆ సంగతి విభక్తి చెబుతుంది. ‘కారు ఢీకొన్న సైకిలిస్టు’ అంటే కారు వచ్చి తగిలిన మనిషి. ‘కారును ఢీకొన్న సైకిలిస్టు’ అంటే తానే వెళ్లి కారుకు తగిలిన మనిషి. ఒక్క ‘ను’ చేరినందుకు, దెబ్బ తిని చనిపోయినవాడి మీదికే నింద మళ్లింది.

రెండో శీర్షికను మరింత జాగ్రత్తగా చూడాలి. క్త్వార్థకానికీ (‘ఢీకొని’ వంటి, వాక్యాన్ని ముగించని క్రియకూ) సమాపక క్రియకూ (వాక్యాన్ని ముగించే క్రియకూ) కర్త ఒకటే కావాలన్నది సంప్రదాయ నియమం. అయినా కారణకార్య సంబంధం ఉన్నచోట ‘వాన కురిసి చెరువు నిండింది’ వంటి భిన్నకర్తృక వాక్యాలు (రెండు క్రియలకు వేర్వేరు కర్తలున్నవి) తెలుగుకు సహజమే కనుక ‘కారు ఢీకొని’ అన్న ప్రయోగాన్ని తప్పనలేం. అయితే అచేతన పదాలకు ద్వితీయా విభక్తి (‘ను’) లోపించడం కూడా మనకు అలవాటే: ‘పుస్తకం చదివాడు’ అంటాం. ‘డివైడరు ఢీకొని యువకుడి మృతి’ అని రాసినప్పుడు, కదలని డివైడరును యువకుడే ఢీకొన్నాడని గ్రహిస్తాం. సరిగ్గా అదే అచ్చులో పోసిన ‘కారు ఢీకొని సైకిలిస్టు మృతి’ రెండు విధాలుగానూ అర్థమవుతుంది. ‘కారు ఢీకొట్టడంతో సైకిలిస్టు మృతి’ అంటే ఆ సందిగ్ధత చాలావరకు పోతుంది. ‘ఢీకొను’ పరస్పర క్రియగానూ చెల్లుతుంది (‘కారు, సైకిలు ఢీకొన్నాయి’). ‘ఢీకొట్టు’లో కొట్టినది ఒకటి, దెబ్బ తిన్నది మరొకటి అని తేటగా తెలుస్తుంది.

ఇంత చేసినా వాక్యంలో కారు నడిపిన మనిషి కనిపించడు. ‘స్వతంత్రః కర్తా’, అంటే స్వతంత్రంగా పని చేసేదే కర్త, అన్నాడు సంస్కృత వ్యాకర్త పాణిని. కారుకు ఆ స్వాతంత్ర్యం ఎక్కడిది? దీనికి వ్యాకరణ సంప్రదాయంలోనే ఒక జవాబు ఉంది. ‘స్థాలీ పచతి’, అంటే కుండ వండుతోంది, అనడం కూడా సాధువే. కారకాలు, అంటే క్రియతో కర్త, కర్మ వంటి వాటి సంబంధాలు, వక్త వివక్షను బట్టి ఏర్పడతాయి. ఇక్కడ వివక్ష అంటే చెప్పదలచుకున్న తీరు. ‘కారు అదుపు తప్పింది’ అనడానికి వ్యాకరణం అనుమతిస్తుంది. కాని అలా అనాలని ఎంచుకున్నది విలేఖరి, ఆ ఎంపికకు బాధ్యత కూడా ఆయనదే. సైకిలు తొక్కేవాడు ‘సైకిలిస్టు’గా, మనిషిగా వాక్యంలో నిలబడి, ‘అడ్డు వచ్చాడు’, ‘హఠాత్తుగా తిరిగాడు’ వంటి క్రియలన్నిటికీ కర్త అవుతుండగా, ఎదుటి పక్షాన వట్టి యంత్రం మాత్రమే ఉంటే పాఠకుడి మనసు తప్పును ఎవరి మీద మోపుతుంది? అమెరికాలో పాదచారి ప్రమాద వార్తను వేర్వేరు విధాలుగా రాసి చదివించిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. వాక్య నిర్మాణం మారితే పాఠకులు నిందించే వ్యక్తి కూడా మారుతున్నట్టు అందులో తేలింది. బ్రిటన్‌లో 2021లో వెలువడిన రోడ్డు ప్రమాద వార్తల మార్గదర్శకాలు, డ్రైవరు చేసిన పనిని వాహనానికి అంటగట్టకుండా డ్రైవరు అనే రాయమని సూచించాయి.

డ్రైవరును కర్తగా రాయడమంటే దోషిగా తేల్చడం కాదు. ‘డ్రైవరు కారుతో సైకిలిస్టును ఢీకొట్టాడు’ అన్నది జరిగిన సంగతి. దానికి ‘నిర్లక్ష్యంగా’ అని చేర్చితే అది తీర్పవుతుంది, విచారణకు ముందు ఆ మాట రాయకూడదు. ఎవరు ఎవరికి తగిలారో ఇంకా తేలనప్పుడు ‘కారు, సైకిలు ఢీకొని ఒకరి మృతి’ అనడమే న్యాయం. మృతుడు హెల్మెట్ పెట్టుకోలేదన్న వాక్యానికీ ఇదే కొలత వర్తిస్తుంది: అది మరణానికి కారణమైందని వైద్యులో, పోలీసులో చెప్పి ఉంటే వారి మాటగా రాయవచ్చు, లేకపోతే తీసివేయాలి. మీరు చూసిన మొదటి వార్తలో కారు వెనుక నుంచి వచ్చిందని తెలుసు కనుక, ‘వెనుక నుంచి కారుతో ఢీకొట్టిన డ్రైవరు; సైకిలిస్టు మృతి’ అన్న శీర్షిక సరిపోతుంది.