హార్న్‌బిల్ పండుగకు వెళ్తున్న మేనకోడలికి

చి॥ అమ్మలుకు,
అత్త ఆశీస్సులు.

డిసెంబరులో హార్న్‌బిల్ పండుగకు, అదే నాగా తెగలన్నీ కలిసి చేసుకునే పండుగకు, నాగాలాండ్ రాజధాని కోహిమా వెళ్తున్నావనీ, నాగా బట్టలు కట్టుకొని ఫొటోలు దిగాలని సరదా పడుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వద్దనడానికి కాదు ఈ ఉత్తరం. పదకొండేళ్ళు అక్కడ పాఠాలు చెప్పినదాన్ని. కట్టుకోదగ్గవీ కట్టుకున్నాను, కట్టుకోకూడనిదీ కట్టుకున్నాను. ముందు ఆ రెండోదాని సంగతి విను.

వెళ్ళిన రెండో చలికాలం. దీమాపూర్ బజారులో ఒక శాలువా కంటబడింది. ఎరుపూ నలుపూ చారలు, నడుమ తెల్లటి పట్టీ, ఆ పట్టీ మీద నల్లరంగుతో ఏనుగు, పులి, కోడిపుంజు, మిథున్ అని వాళ్ళు పెంచే కొండదున్న, మధ్యమధ్య గుండ్రంగా ఏవో బొమ్మలు. మన కలంకారీ గుర్తొచ్చి ముచ్చటేసింది. కొనేశాను. స్కూల్లో క్రిస్మస్ వేడుకకు పట్టుచీర మీద కప్పుకొని దర్జాగా వెళ్ళాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అక్కడే మోసపోయాను. మన ఊళ్ళో అయితే మొహం మీదే అడిగేవాళ్ళు కదా! కాసేపటికి మాతో పనిచేసే ఆవో తెగ టీచరొకావిడ నన్ను పక్కకు పిలిచి, "చలి ఎక్కువగా ఉంది, ఇది కప్పుకో" అంటూ తన శాలువా తీసి నా భుజాల మీద వేసింది. నాది మడిచి నా సంచీలో పెట్టింది. వారం గడిస్తే గానీ అసలు సంగతి చెప్పలేదు.

అది సుంగ్‌కోతెప్సు. ఆవో మగవాళ్ళ శాలువా. పూర్వం శత్రువు తల తెచ్చిన వీరుడో, మిథున్‌ను బలిచ్చి ఊరందరికీ విందు పెట్టిన ఆసామో కప్పుకునేవాడట. నేను ముచ్చటపడ్డ ఆ గుండ్రటి బొమ్మలు మనుషుల తలలు! నేత ఆడవాళ్ళదే, తెల్లపట్టీ మీద బొమ్మలు వేయడం మాత్రం మగవాళ్ళ పని. ఈ రోజుల్లో తలలు తెచ్చేవాళ్ళు లేరు గానీ, పండుగలకు ఆవో మగవాళ్ళు దాన్ని గర్వంగా కప్పుకుంటారు. ఆడవాళ్ళు కప్పుకోరు. "నిన్ను చూస్తే నవ్వు రాలేదు, మా తాత గుర్తొచ్చాడు" అందావిడ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మనకు శాలువా అంటే సన్మానం. సభకొచ్చిన ప్రతివాడి భుజాన కప్పుతాం, వాడు ఇంటికెళ్ళి బీరువాలో పడేస్తాడు. అందుకే వాళ్ళ శాలువా బరువు మనకు ఓ పట్టాన బుర్రకెక్కదు. దీక్ష లేదు, మాల లేదు, ఎవడో నల్లబట్టలు కట్టి నెత్తిన ఇరుముడి పెట్టుకొని సెల్ఫీ దిగాడనుకో. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం చేసిన మీ నాన్న ఊరుకుంటాడా?

కాబట్టి కొట్లో ధర అడిగేముందు మూడు మాటలు అడుగు: ఇది ఏ తెగవాళ్ళది, మగవాళ్ళదా ఆడవాళ్ళదా, బయటివాళ్ళు కప్పుకోవచ్చా. తెల్లమొహం వేసే కొట్లో కొనకు. నాగా అంటే ఒకే తెగ కాదమ్మలూ. ఆవో, అంగామి, సుమి, లోథా, చాఖెసాంగ్, ఇంకా ఎన్నో ఉన్నాయి, ఎవరి నేత వాళ్ళది. మన పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్నట్టే చాఖెసాంగ్ శాలువాలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అన్నిటికీ ఇలాంటి ఆంక్షలుంటాయని భయపడకు. ఎవరైనా కప్పుకోగలిగేవి బోలెడున్నాయి, నువ్వు అడిగి కప్పుకున్నావంటే వాళ్ళకు సంతోషమే. ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే మేఖెలా కొనుక్కో, నీకు బాగుంటుంది. చుట్టడం మాత్రం అక్కడి ఆడమనిషి చేతే నేర్చుకో, చీర కుచ్చిళ్ళ అలవాటుతో చుడితే నడవలేవు. ఒక తెగ మేఖెలా మీద ఇంకో తెగ పూసలదండ వేయకు. వాళ్ళ ఒంటి మీది పాత దండలు తల్లి నుంచి కూతురికి వచ్చినవి, ఫొటో కోసం ఒకసారి ఇమ్మని అడగొద్దు. వాళ్ళు కాదనలేక ఇస్తారు, అదే ఇబ్బంది.

అసలు నేత గుర్తుపట్టాలంటే కుట్టు చూడు. మగ్గం పట్టీ నడుముకు బిగించుకొని నేస్తారు, అందుకే పన్నా వెడల్పు రాదు. రెండు మూడు ముక్కలు కలిపి కుడతారు. ఎక్కడా అతుకు లేకుండా ఒకే పన్నాలో ఉన్నది మిల్లుదేమో అని అనుమానించు.

హార్న్‌బిల్ పిట్ట అసలు ఈకలని ఎవరైనా అమ్మజూపితే దూరం జరుగు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నాట్యమాడేవాళ్ళ తలపాగాల్లో ఇప్పుడు చాలావరకు ఉత్తుత్తి ఈకలే పెడుతున్నారు. మోరంగులనే వాళ్ళ సంప్రదాయ ఇళ్ళ దగ్గర కత్తీ ఈటే పట్టుకొని కళ్ళు ఉరిమి నాలుక బయటపెట్టే ఫొటోలు వద్దు, తలల వేట మీద జోకులు అసలే వద్దు. 1872లో బాప్టిస్టు మిషనరీ ఆవో ఊళ్ళకు వచ్చాక ఆ పాత రోజులు మెల్లగా పోయాయి. నీ పక్కన నిలబడ్డ కుర్రాడు ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడై ఉంటాడు. అన్నట్టు ఆదివారం కోహిమాలో కొట్లు మూసేస్తారు, కొనేవేవో శనివారమే కొనుక్కో. ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటివాళ్ళు నాగాలాండ్‌లో అడుగుపెట్టడానికి కావలసిన అనుమతి పత్రం, ముందే తీసుకో. స్వెట్టరు మరిచిపోకు, పండుగ జరిగే కిసామాలో పొద్దుగూకితే వణికిపోతావు.

ఇంకొక పని చెప్పనా? నా శాలువా ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది, మళ్ళీ ఎప్పుడూ కప్పుకోలేదు. ఆ టీచరమ్మ మనవడు ఈ ఏడు కాలేజీలో చేరాడట. మీ నాన్న చేత నీకు పంపిస్తున్నాను, సూట్‌కేసు అడుగున పెట్టుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చిరా. చిమ్మెటలు కొట్టకుండా వేపాకు వేశాను. ఇచ్చేముందు దులుపు.

మీ అత్త