బడి మానిపించే ముందు ఒక్క పెట్టని పొదగేయి తల్లీ

నీ మెసేజ్ రాత్రి చూశాను, అంత పొడుగు మెసేజ్ నీ పెళ్లప్పుడు కూడా పెట్టలేదు నువ్వు. పిల్లలిద్దర్నీ బడి మానిపించి రాజాం దగ్గర మీ మావయ్యగారి ఇంటికొచ్చీసి ఇంట్లోనే చదివిస్తాను పెద్దమ్మా, రెండు మేకలు, పాతిక కోళ్లు, ఓ ఆవు, కుందేళ్లు, తేనెటీగల పెట్టె అన్నీ జూన్ కల్లా రెడీ చేసీస్తాను అని రాసేవు. లిస్టు చూసి నవ్వొచ్చింది, కోపం తెచ్చుకోకు, నేనూ అలగే మొదలెట్టేను మరి.

వద్దని చెప్పను. మనవడినీ మనవరాల్నీ ఐదేళ్లు ఇంట్లో పెట్టి చదివించినదాన్ని వద్దని ఏ మొహంతో చెప్తాను. కానీ ఆ లిస్టు చింపీసి ఒక్క పొదుగుకొచ్చిన నాటుపెట్టతో మొదలెట్టు. ఒక్కటే. అది పిల్లల్ని లేపి, ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా ఇంకేమీ కొనకు.

ఎందుకంటే పెట్ట కింద గుడ్లు పెట్టిన రోజు నుంచి 21 రోజులు, అదే నీ మొదటి టైమ్‌టేబుల్. పది పన్నెండు గుడ్లు చాలు, వారం దాటిన గుడ్డు పెట్టకు, కడగకు. పెద్దోడి చేత ప్రతి గుడ్డు మీదా పెన్సిల్తో నంబరు వేయించు. ఏడో రోజు రాత్రి గది చీకటి చేసి, అట్టపెట్టెకి కన్నం పెట్టి లోపల సెల్‌ఫోన్ లైటు వేసి కన్నం మీద గుడ్డు పెట్టి చూడమను. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే బతుకున్నట్టు, ఖాళీగా తెల్లగా కనిపిస్తే అది తేలనిది, తీసీయొచ్చు. మా మనవడు మొదటిసారి ఆ నరాల మధ్య చుక్క కదలడం చూసి అరవలేదు, మాటాడలేదు, మెల్లిగా గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టీసి బయటికెళ్లి అరుగు మీద కూచున్నాడు. నేనేం చేశానో తెలుసా, ఎనకాలే వెళ్లి "ఎన్నో నంబరు గుడ్డురా, నరాలెన్ని కనిపించాయిరా, నోట్సు రాశావా" అని మొదలెట్టేను. ఆ రోజు నన్ను నేను తన్నుకోవాలనిపించింది. వాడి మొహంలో ఉన్నదంతా దిగిపోయింది. అందుకే చెప్తన్నా, పిల్లలు ఏదైనా చూసి నోరెళ్లబెట్టినప్పుడు నువ్వు నోరు మూసుకో. ప్రశ్న వాళ్లే అడుగుతారు, మర్నాడు అన్నం తింటూ అడుగుతారు, "అమ్మా లోపల గాలి ఎలగ వస్తాది" అని. అప్పుడు పెంకు కన్నాల గురించి చెప్పు.

పిల్లలు లేచాక అసలు పని. మొదటి రోజుల్లో నూకలు, చోళ్లు, అదే రాగులు, చాలు, కానీ పురుగు కావాలి వాటికి. మా అమ్మ చేసినట్టు పాత కుండలో పేడా ఎండుగడ్డీ కుక్కి, నీళ్లు జల్లి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించండి, తెల్లారేసరికి కుండ నిండా చెదలే, కోడిపిల్లలు ఎగబడతాయి. ఇది మీ చిన్నదానికి అప్పగించు, చూడు ఆరు గంటలకి నిన్నే లేపుతాది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదటి ఏడాది నేను సంతలో ఇరవై కోడిపిల్లలు ఒకేసారి కొనీసి, టీకా సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. కొక్కెర రోగం తగిలింది. మెడలు తిరిగిపోయి, పచ్చటి విరోచనాలై, నాలుగు రోజుల్లో పధ్నాలుగు పోయాయి. మనవరాలికి అప్పుడు ఏడేళ్లు, రాత్రిపూట పాతిపెట్టీసి "అమ్మీశాను" అని చెప్దామనుకున్నాను, అది చూసీసింది. అది నా మీద నమ్మకం మళ్లీ పెట్టుకోడానికి నెలలు పట్టింది. కాబట్టి చచ్చిపోయినప్పుడు దాచకు, గొయ్యి వాళ్ల చేతే తవ్వించు, లోతుగా తవ్వించి సున్నం జల్లి కప్పండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

తర్వాత తెలుసుకున్నాను, ఆ రోగానికి వారం లోపల లసోటా టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా ఇంజెక్షను పశువుల డాక్టరు దగ్గర చేయించాలి. లసోటా సీసా ఒకటి తీస్తే వంద కోళ్లకి పైగా వస్తాది, కలిపాక ఐస్ మీద పెట్టి రెండు గంటల్లో అవగొట్టీయాలి, నీ దగ్గర పది పిల్లలే ఉంటాయి. మిగిలింది పారబోయడం ఎందుకని మా పిల్లలిద్దరూ వీధిలో ఇంటింటికీ వెళ్లి ఎవరికెన్ని పిల్లలున్నాయో రాసుకొచ్చి, టైము లెక్కేసుకుని, ఎవరింటి నుంచి మొదలెడితే ఐస్ కరక్కుండా అవుతాదో ప్లాన్ వేశారు. ఏ పుస్తకంలో ఉందే ఆ లెక్క?

లెక్కంటే గుర్తొచ్చింది, ఒక రూళ్ల పుస్తకం పెట్టు. దాణాకి ఎంత, గుడ్లెన్ని, తిన్నవెన్ని, అమ్మినవెన్ని, రోజూ. నష్టం వస్తే నష్టమే రాయమను, నువ్వు జేబులోంచి డబ్బులిచ్చి సర్దీకు. మా వాడు నాలుగో నెలలో "నాయనమ్మా మన గుడ్డు కొట్లో గుడ్డు కంటే రేటెక్కువ పడతంది" అన్నాడు, భాగహారం ఆ ఒక్క రోజులో వచ్చింది వాడికి.

మేకల సంగతి రెండో ఏడాది చూద్దువు. ఒక్కటి కొనకు, రాత్రంతా అరిచి వీధి లేపుతాది, రెండు కొను. మిగిలిన అన్నం, బియ్యం గంపెడు పెట్టీకూడదు, పొట్ట ఉబ్బి పోతాది, పిల్లలు ప్రేమకొద్దీ పెట్టీస్తారు. పారుడు రోగం టీకా, వానలకి ముందు చిటుక రోగం టీకా మర్చిపోకు. 1962 నంబరు గోడ మీద పెద్దక్షరాల్తో రాయించు, పశువుల అంబులెన్సు. మేక చూలు కట్టాక ఈనడానికి ఐదు నెలలు. ఆవు మాత్రం వద్దు, నీకు పాలు పితకడం రాదు.

జంతువులే చదువు కాదు మళ్లీ. పెరట్లో ఒక కర్ర పాతి, రోజూ పొద్దున్న ఎండ పడగానే నీడ ఎటు పడిందో రాయి పెట్టించు. మన అరసవల్లిలో మార్చి 9, 10 తారీఖుల్లో, మళ్లీ అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, ఆ రెండు సార్లూ నీడ దాదాపు ఒకే వైపు పడతాది. మార్చిలో సూర్యుడు ఉత్తరానికెళ్తూ ఆ చోటు దాటతాడు, అక్టోబరులో దక్షిణానికి దిగుతూ మళ్లీ దాటతాడు. ఏడాది రాళ్లు పెట్టిన పిల్లకి ఇది నువ్వు చెప్పక్కర్లేదు. ఖాదీ నేసే పొందూరు కూడా తీసుకెళ్లు, వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూస్తే ఇంటికొచ్చి చేప తల పారేయనివ్వరు. చలికాలం తేలినీలాపురం తీసుకెళ్లు, పెలికాన్ పక్షులొస్తాయి. బస్సులో వెళ్లిరండి.

ఎక్కాలూ, తెలుగు గట్టిగా చదవడం మాత్రం రోజూ గంట, కోడి చచ్చినా మేక ఈనినా. ఇది నేను మొదటి ఏడాది వదిలీశాను, మనవరాలు ఒత్తులు మర్చిపోయింది. కాగితాల సంగతీ చూసుకో, టీసీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ జాగ్రత్త. ఓపెన్ స్కూల్లో పది రాయాలంటే 14 ఏళ్లు నిండాలి, ఎన్ఐఓఎస్‌లో, అదే కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్లో అయితే అంతకు ముందు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన లెవెల్స్ ఉన్నాయి. మా వాడు పది అలగే పాసయ్యాడు, ఇప్పుడు ఇంటర్ కాలేజీకి మామూలుగానే వెళ్తన్నాడు.

ఊరోళ్లు నవ్వుతారు, నవ్వనీ. కాకపోతే వాళ్ల నవ్వు కూడా ఉత్తది కాదు. మా చిన్నప్పుడు మేకలు కాసే గుంటలు బడి గుమ్మంలో నిలబడి లోపలికి చూసేవారు, బడికి పంపడానికి వాళ్ల అమ్మలు ఎంత పాట్లు పడ్డారో. వాళ్ల ముందు "మా పిల్లలకి బడి అక్కర్లేదు" అని గొప్పగా అనకు. సాయంత్రం వీధి పిల్లలతో క్రికెట్‌కి పంపు, కోడిపిల్లల్ని చూడ్డానికి వాళ్లందర్నీ రానీ. అల్లుడుగారికి ఇష్టం లేదన్నావు, ఆయన్ని ఒప్పించకు, దాణా లెక్క పుస్తకం ఆదివారం ఆదివారం ఆయన చేతికిచ్చి సంతకం పెట్టమను.

ఎండల్లో పొదగేస్తే గుడ్లు సరిగ్గా తేలవు, కార్తీకం దాకా ఆగు. ఈలోపు బడి మానిపించకు, దీపావళి సెలవుల్లో పిల్లల్ని నా దగ్గరికి పంపు. మా ఎర్రపెట్ట అప్పటికి పొదుగుకొస్తాది, పన్నెండు గుడ్లూ నేనిస్తాను. గంప మాత్రం మీరే తెచ్చుకోండి, నా గంపలో పిల్లి పిల్లల్ని పెట్టింది.

పెద్దమ్మ