ఆష్‌బర్న్ నుంచి రోజూ వందమంది వస్తున్నారా? నా అనుభవం చెబుతాను

మీ ప్రశ్న చదవగానే నవ్వు వచ్చింది, ఏమీ అనుకోకండి. ఏడాదిగా తెలుగులో వంటల బ్లాగు రాస్తున్నానని, రోజూ అమెరికాలోని ఆష్‌బర్న్ నుంచి వందమంది వస్తున్నట్టు కనిపిస్తోందని, మిగిలినవారిలో సగం మంది పక్కన ‘డైరెక్ట్’ అని ఉంటోందని, వీళ్లంతా ఎవరని అడిగారు. ఆ ఆష్‌బర్న్ జనాన్ని నమ్ముకుని నేను ఒక వేసవి మొత్తం గడిపాను. నాదీ వంటల బ్లాగే, 2008 నుంచి రాస్తున్నాను.

నమ్మడానికి కారణం ఉంది. ఆష్‌బర్న్ వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్‌కు దగ్గరలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు. పాపం పరాయి దేశంలో ఊరగాయల కోసం మొహం వాచి నా టపాలు (బ్లాగులో రాసిన వ్యాసాలు) చదువుతున్నారని మురిసిపోయాను. అక్కడితో ఆగితే బాగుండేది. వర్జీనియా ఎండకు మాగాయ ముక్కలు ఎన్ని రోజులు ఆరాలో లెక్కలు వేసి, వాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక టపా రాశాను. ఒక్క వ్యాఖ్య రాలేదు. ‘చదివాను’ అన్నవాడు కూడా లేడు.

అప్పుడు కూర్చుని, ఏ గంటకు ఎంతమంది వచ్చారో చూపే గీత చూశాను. మనుషులు చదివితే ఆ గీతకు ఎత్తుపల్లాలు ఉంటాయి: అక్కడ రాత్రి అయితే పడిపోవాలి, భోజనాల వేళకు లేవాలి. నా ఆష్‌బర్న్ గీత నేల మీద పరిచిన చాపలా చదునుగా ఉంది. వర్జీనియాలో తెల్లవారుజాము మూడు గంటలకు కూడా అదే జోరు. పైగా వచ్చినవాళ్లు నా పాత టపాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోటి ఒక్కసారి, తెరిచి వదిలేశారు. సంగతేమిటంటే, ప్రపంచంలోనే అతి పెద్ద డేటా సెంటర్ల (వేలాది సర్వర్లు ఉండే భవనాల) గుంపుల్లో ఒకటి ఆ ఊరి చుట్టూ ఉంది. అక్కడ అద్దెకు దొరికే సర్వర్ల మీద నడిచే బాట్‌లు, అంటే మనిషి లేకుండా వాటంతట అవే పనిచేసే ప్రోగ్రాములు, ఇంటర్నెట్ అంతా తిరుగుతూ పేజీలు పోగు చేసుకుంటాయి. మీ వందమందిలో ఎక్కువ భాగం అవే అయి ఉంటాయి. మనం బ్లాగు రాసుకునే గూగుల్ వేదిక బ్లాగర్ సొంత గణాంకాల్లో ఇలాంటివి బాగా కలిసిపోతాయి. సైటుకు ఎవరు వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ తనకు తెలిసిన బాట్‌లను తీసేసి చూపిస్తుంది కానీ, అన్నీ దానికి తెలియవు. ఒకే రోజుకు నాకు బ్లాగర్‌లో 340, అనలిటిక్స్‌లో 61 కనిపించాయి. అనలిటిక్స్‌లో ‘ఎంగేజ్డ్’ అన్న అంకె చూడండి. పది సెకన్లకు మించి ఉన్నవాళ్లు, లేదా రెండు పేజీలైనా తెరిచినవాళ్లు అందులోకి వస్తారు. మామూలు బాట్‌లు చాలావరకు ఈ గీటు దగ్గరే ఆగిపోతాయి.

(ఒక టపా అచ్చుతప్పులు దిద్దుకోవడానికి ఇరవైసార్లు తెరిచే అలవాటు ఉంటే, మీ సొంత రాకపోకలు లెక్కించవద్దని గణాంకాల పేజీలో చెప్పండి. మొదటి రెండేళ్లు నా అత్యంత విశ్వాసపాత్రుడైన పాఠకుడిని నేనే.)

అమెరికా సంగతి సరే, మన ఊళ్ల పేర్లనైనా నమ్మవచ్చా అంటే, దేశం వరకు నమ్మండి, ఊరిని నమ్మవద్దు. నేనుండేది రాజమహేంద్రవరం. పరీక్షగా ఫోను డేటాతో నా బ్లాగు నేనే తెరిస్తే ఒకరోజు హైదరాబాద్ అని, ఇంకోరోజు చెన్నై అని చూపించింది. ఫోను కంపెనీల నెట్ ఏ పెద్ద ఊరి నుంచి బయటికి వస్తే ఆ ఊరి పేరు పడుతుంది. ఐపీ చిరునామాకు, అంటే నెట్‌లో మన ఫోనుకో కంప్యూటర్‌కో ఉండే నంబరుకు, ఊరిని అంటగట్టడం ఎంత గుడ్డిలెక్కో చెప్పే వ్యవహారం 2016లో అమెరికాలోనే బయటపడింది. ఏ ఊరో తేలని చిరునామాలకు ఒక సంస్థ దేశం నట్టనడుమ ఉన్న ఒక బిందువును రాసిపెట్టింది. ఆ బిందువు కాన్సస్‌లో పోట్విన్ దగ్గర ఒక కుటుంబం ఉంటున్న పొలంలో పడింది. అరవై కోట్లకు పైగా ఐపీ చిరునామాలు ఆ ఒక్క పొలానివే అయ్యాయి, దొంగల కోసం పోలీసులు వచ్చి వాళ్ల తలుపు తట్టేవారు.

ఇక ‘డైరెక్ట్’. ఆ మాటకు నేరుగా చిరునామా టైపు చేసి వచ్చారని అర్థం చెబుతారు. నిజానికి ‘ఏ దారిన వచ్చారో మాకు తెలియదు’ అని చదువుకోవాలి. మనం ఒక లంకె నొక్కి కొత్త పేజీకి వెళితే, ఎక్కడి నుంచి వస్తున్నామో బ్రౌజర్ ఒక ముక్క చెబుతుంది. దాని పేరు రిఫరర్. 1996 నాటి వెబ్ ప్రమాణపత్రంలోనే ఆ ఇంగ్లిష్ మాట స్పెల్లింగ్ తప్పు పడింది, నడుమ రెండు ఆర్‌లు ఉండవలసిన చోట ఒకటే ఉంది. ఇప్పటికీ అలాగే వాడుతున్నారు. వాట్సాప్‌లో వచ్చిన లంకె నొక్కితే మామూలుగా ఆ ముక్క రాదు. తెలుగువాళ్లు చదివినది ఒకరికొకరు పంపుకునేది వాట్సాప్‌లోనే కాబట్టి మన ‘డైరెక్ట్’ గంప అంత బరువుగా ఉంటుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. ఒక మే నెలలో ఆవకాయ కొలతల టపాకు ఒక్క సాయంత్రం నాలుగువందల మంది వచ్చారు, అందరూ డైరెక్టే. మర్నాడు పొద్దున మా పిన్ని నాకు ఒక లంకె పంపింది: ‘ఎవరో అచ్చం మా అమ్మ చేసినట్టే రాశారు, చదువు.’ అది నా టపాయే. నేను కలం పేరుతో రాస్తానని పిన్నికి తెలియదు, కొలతలు మాత్రం నిజంగానే వాళ్ల అమ్మవి.

నవ్వుకున్నాక ఆ లంకె తోక చూశాను. చివర ‘ఎం సమానం 1’ అని ఉంది, అంటే ఎవరో ఫోనులో చదివి, అక్కడి నుంచి చిరునామా తీశారు. బ్లాగర్ ఫోను పేజీలకు అది తగిలిస్తుంది. దాని వెనుక ‘ఎఫ్‌బీక్లిడ్’ అని మొదలై, అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల గొలుసు. అది 2018 నుంచి ఫేస్‌బుక్ తన దగ్గర నొక్కిన లంకెలకు తగిలిస్తున్న గుర్తు. అంటే ఆ టపా ముందు ఏదో ఫేస్‌బుక్ గుంపులో పడింది, అక్కడ చదివినవారు వాట్సాప్‌లోకి దించారు, అక్కడి నుంచి చేతులు మారుతూ పిన్ని దాకా వచ్చింది. ఏ గుంపో మాత్రం తేలలేదు. ఫేస్‌బుక్ నుంచి వచ్చినవాళ్లకు ఆ సైటు పేరు తప్ప పేజీ కనిపించదు. 2020 నుంచి క్రోమ్ బ్రౌజర్ కూడా ఏ సైటు నుంచి వచ్చినా మామూలుగా పేరు వరకే చెబుతోంది.

మేము మొదలుపెట్టిన రోజుల్లో ఈ గొడవ లేదు. తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపే కూడలి, హారం, మాలిక లాంటి సంకలినుల నుంచి వచ్చేవారు, పేర్లతో సహా తెలిసేవారు. రాసేవాళ్లే చదివేవాళ్లు. గూగుల్‌లో ఏ మాట వెతికి వచ్చారో కూడా కనిపించేది. 2011లో లాగిన్ అయినవారివి, 2013కల్లా దాదాపు అందరివీ దాచేశారు.

ఆ మాటలు ఇప్పుడు సైటు నడిపేవారికి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో దొరుకుతాయి, పదహారు నెలల వరకు. మీరు ఇలాంటి పనిముట్లలో ఒక్కటే పెట్టుకుంటానంటే అదే పెట్టుకోండి. మరీ తక్కువమంది వెతికినవి చూపించదు కానీ, ఉన్నంతలో మనుషుల గొంతు వినిపించేది అక్కడే. ‘ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే’ అని వెతికినవాళ్లను చూసి నేను ఒక టపా రాశాను. వర్జీనియా ఎండ టపా కంటే దానికి ఎన్నో రెట్లు ఎక్కువమంది వచ్చారు. వెతికేవారిలో చాలామంది తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో, తలా ఒక స్పెల్లింగ్‌తో కొడతారు. మీరు బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే చిరునామా ‘బ్లాగ్-పోస్ట్_27’ అని తయారవుతుంది. గణాంకాల్లో అది గోంగూరో గుత్తివంకాయో మీకే తెలియదు. ప్రచురించక ముందే, టపా చిరునామా మార్చుకునే ‘పర్మాలింక్’ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో వంట పేరు ఇవ్వండి. తర్వాత మార్చాలంటే పాత లంకెలు తెగిపోతాయి.

వాట్సాప్ దారి కొంతైనా తెలియాలంటే, మీరు స్వయంగా పంపే లంకెలకు గుర్తు పెట్టండి. చిరునామా చివర ప్రశ్నార్థకం, ఆ వెంట ఇంగ్లిష్‌లో ‘యూటీఎం_సోర్స్’, సమానం గుర్తు, తర్వాత మీకు నచ్చిన పేరు. నేను చుట్టాల గుంపుకు ఒకటి, పాత ఆఫీసువాళ్లకు ఒకటి, ఫేస్‌బుక్‌కు ఒకటి పెడతాను. అది చేతులు మారినా తోక సాధారణంగా ఊడదు. చుట్టాల పేరుతో పంపినది ఒకసారి మూడు వారాల తర్వాత సింగపూర్ నుంచి లెక్కకు వచ్చింది. మాకు సింగపూర్‌లో చుట్టాలెవరూ లేరు.

ఇవన్నీ చేశాక కూడా నాకు ఎక్కువ చెప్పింది టపా కింద అడిగిన ఒక ప్రశ్న: ‘మీ ఇంట్లో ఆవపిండి ఎంత వేస్తారు?’ ‘మీరెక్కడివారు’ అని అడిగితే ఎవరూ పలకరు, కొలత అడిగితే ఊరుకోలేరు. పదకొండు వ్యాఖ్యలు వచ్చాయి, తుని, నంద్యాల, ఖమ్మం, డల్లాస్. ఒకావిడ నిజంగానే ఆష్‌బర్న్ నుంచి రాశారు. ఆ రోజు లెక్కల్లో ఆవిడ ఎక్కడున్నారా అని ఆ వందల బాట్‌ల మధ్య చాలాసేపు వెతికాను, దొరకలేదు.