కొలెస్ట్రాల్ మాత్రలు: అంకె ఒకటే, మందు వేరు

ప్రశ్న: మాది కవిటి మండలం. నాన్నగారికి 61 ఏళ్ళు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 2.4. కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్ 20 వాడుతున్నారు. మొన్న షాపులో అది లేదని రోసువాస్టాటిన్ 20 ఇచ్చి, రెండూ ఒకటే అన్నారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఆ అట్ట తిరిగిచ్చేసి అటార్వా 20 తెచ్చుకోండి. అది దొరికేలోగా రెండు మూడు రోజులు ఖాళీ పడినా పరవాలేదు. ఇప్పటికే ఒకటి రెండు వేసుకుని ఉంటే కంగారు పడకండి. ఒళ్ళునొప్పులతో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం అది కండరాలు దెబ్బతింటున్న గుర్తు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రెండూ స్టాటిన్లు అనే ఒకే రకం మందులు, చేసే పనీ ఒకటే. కాలేయం కొలెస్ట్రాల్ తయారు చేయాలంటే హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి. స్టాటిన్ దానికి అడ్డుపడుతుంది. సొంత తయారీ తగ్గేసరికి కాలేయ కణాలు చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్డీఎల్‌ని పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరుగుతున్నదాన్ని లోపలికి లాక్కుంటాయి. రిపోర్టులో అంకె దిగేది అందుకే.

తేడా అంతా బలంలో ఉంది. అటార్వా 20 ఎల్డీఎల్‌ని సుమారు 43 శాతం తగ్గిస్తే, రోసువా 10తోనే 46 శాతం దాకా తగ్గుతుంది. రోసువా 20 దాదాపు అటార్వా 80తో సమానం. అంటే షాపులో మీ చేతిలో పెట్టింది నాలుగింతల మోతాదు! పైగా ఒకే మోతాదు వేసుకున్నా మన ఆసియా వాళ్ళ రక్తంలో రోసువా తెల్లవాళ్ళలో కన్నా సుమారు రెట్టింపు చేరుతుంది. అందుకే మనకి 5తో మొదలుపెట్టమంటారు.

నాన్నగారికి అసలు చిక్కు కిడ్నీలది. ఆ వయసులో క్రియాటినిన్ 2.4 అంటే వడపోత నిమిషానికి 30 మి.లీ. దగ్గరికి దిగిపోయినట్టు. 30 లోపైతే రోసువా 10 దాటకూడదు. అటార్వా చాలావరకు పైత్యరసంలో బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా మోతాదు మార్చక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలోని మీ ఉద్దానంలో షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. అందుకని సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస వైపు ఎవరికి స్టాటిన్ రాసినా ముందు క్రియాటినిన్ చూడాల్సిందే. ఆ పరీక్ష రాయకపోతే మీరే అడగండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. రెండు నెలలుగా అటార్వా 40 వాడుతున్నాను. తొడలు, పిక్కలు పీకేస్తున్నాయి, పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నాను. షాపులో నొప్పి మాత్రలు ఇస్తున్నారు.
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ముందు ఆ నొప్పి మాత్రలు ఆపండి. డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయి, అసలు కారణమూ బయటపడదు. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు వైపులా, పెద్ద కండరాల్లో, మందు మొదలుపెట్టిన వారాల్లోనో నెలల్లోనో వస్తుంది. మీరు చెప్పేది అలాగే ఉంది. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపేది), క్రియాటినిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా ఇదే నొప్పి వస్తుంది, కొలెస్ట్రాలూ పెరుగుతుంది. సీపీకే నార్మల్ పై హద్దుకు 10 రెట్లు దాటితే స్టాటిన్ వెంటనే ఆపాలి. అంత లేకపోతే, మీ డాక్టరుకి చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడండి. నొప్పి పోతే తక్కువ మోతాదుతోనో, వేరే స్టాటిన్‌తోనో మళ్ళీ మొదలుపెడతారు.

ఇంకో మాట. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా ఎల్డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. 20 నుంచి 40కి వెళ్ళే బదులు 20కి ఎజెటిమైబ్ 10 జోడిస్తే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. అది పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపుతుంది.

ఈమధ్య తామరకి ఇట్రాకొనజోల్ గానీ, దగ్గుకి క్లారిత్రోమైసిన్ గానీ వాడారా? అవి అటార్వాని ఒంట్లో పేరుకుపోయేలా చేస్తాయి. సిమ్వాస్టాటిన్‌తో అయితే అసలు కలపకూడదు.

ప్రశ్న: కొలెస్ట్రాల్ మాత్ర రాత్రే వేసుకోవాలా? గ్యాస్ మందుతో కలిపి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: సిమ్వాస్టాటిన్ అయితే రాత్రే. అది ఒంట్లో కొద్ది గంటలే ఉంటుంది, కాలేయం కొలెస్ట్రాల్ ఎక్కువగా చేసేది రాత్రిపూట. అటార్వా, రోసువా ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి మీకు గుర్తుండే వేళ ఏదైనా సరే. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తాగేటట్టయితే, రోసువా వేసుకున్న 2 గంటల తర్వాతే తాగండి.

ప్రశ్న: రిపోర్టు నార్మల్‌కి వచ్చింది. మాత్ర మానేసి జీడిపప్పు మానేస్తే చాలదా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: జీడిపప్పులో కొలెస్ట్రాల్ లేదు. ఏ మొక్క గింజలోనూ ఉండదు. ఉప్పు లేకుండా గుప్పెడు తింటే తప్పు లేదు. తగ్గించాల్సింది కొబ్బరినూనె, డాల్డా, వాడిన నూనెలోనే మళ్ళీ వేయించిన బజ్జీలు. ఇక రిపోర్టు నార్మల్‌గా ఉన్నది మాత్ర వల్లే. మానేస్తే కొన్ని వారాల్లోనే ఎల్డీఎల్ పాత అంకెకి వెళ్ళిపోతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళూ, స్టెంట్ వేయించుకున్నవాళ్ళూ అయితే అసలు మానకూడదు.