సమాధానం: ప్యాకేజీ మార్చాక కొందరికే చెక్‌సమ్ ఎర్రర్ ఎందుకొస్తోంది

మీ ఆర్చ్ లినక్స్ రెపోలో (ప్యాకేజీలను పంచే సర్వర్ భాండారంలో) ప్యాకేజీ మళ్లీ బిల్డ్ చేసి పెట్టాక, రీఇన్‌స్టాల్ చేసే కొందరికే ‘ఇన్‌వాలిడ్ ఆర్ కరప్టెడ్ ప్యాకేజ్ (చెక్‌సమ్)’ వస్తోందన్నారు. చెక్‌సమ్ అంటే ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య. ఫైలేమీ పాడవలేదండీ. పీకేజీరెల్ (ఒకే వెర్షన్‌ను ఎన్నోసారి బిల్డ్ చేశారో చెప్పే అంకె, ఫైలు పేరులో ఉంటుంది) పెంచకుండా అదే పేరుతో కొత్త ఫైలు పెట్టారు. ఎర్రర్ వచ్చినవాళ్ల ప్యాక్‌మ్యాన్ (ఆర్చ్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) క్యాష్‌లో, అంటే దించుకున్న ఫైళ్లు దాచే చోట, పాతది ఉంది. పేరు ఒకటే కాబట్టి మళ్లీ దించుకోదు. ఆ పాత ఫైలు, రెపో కొత్త డేటాబేస్‌లో (ప్యాకేజీల జాబితాలో) ఉన్న షా256 చెక్‌సమ్‌తో సరిపోలదు. క్యాష్ ఖాళీగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, మీ టెస్ట్ మెషిన్‌లో ఈ ఎర్రర్ కనిపించనిది అందుకే. అసలు నష్టం వేరే ఉంది: వెర్షన్ మారలేదు గనక, ఇప్పటికే వాడుతున్నవాళ్లకు మీ సవరణ అప్‌డేట్‌గా వెళ్లనే వెళ్లదు.

పీకేజీరెల్ 1ని 2 చేసి, క్లీన్ క్రూట్‌లో (మీ సిస్టమ్‌తో కలవని శుభ్రమైన విడి వాతావరణంలో) బిల్డ్ చేయండి. డిజిటల్ సంతకం చేసి, రెపో-యాడ్ కమాండ్‌తో డేటాబేస్‌లో చేర్చండి. సర్వర్‌లోకి ఎక్కించేటప్పుడు ముందు ప్యాకేజీలు, వాటి సిగ్ (సంతకం) ఫైళ్లు. డేటాబేస్ అన్నిటికన్నా చివర. వరుస తిరగబడితే ఆ మధ్యలో అప్‌డేట్ కొట్టినవాళ్లకు 404 (ఫైలు దొరకలేదు) ఎర్రర్ తప్పదు. పాత ఫైళ్లు కొన్నాళ్లు ఉంచండి, డేటాబేస్ రిఫ్రెష్ చేయనివాళ్లు వాటినే అడుగుతారు.

ఈలోగా ఎర్రర్ వచ్చినవాళ్లను, ఫైలు తీసేయాలా అని ప్యాక్‌మ్యాన్ అడిగినప్పుడు వై నొక్కి మళ్లీ ప్రయత్నించమనండి. సిగ్‌లెవెల్‌ను (సంతకాల తనిఖీ సెట్టింగ్‌ను) నెవర్ చేయమని మాత్రం చెప్పకండి. చెక్‌సమ్ తనిఖీ దానితో ఆగదు, ఉన్న భద్రతా పోతుంది.